వారం ముందు వాన అంచనా: యూరప్ మోడల్ ఒకటి, అమెరికా మోడల్ ఇంకొకటి చెబితే ఏది నమ్మాలి?

మీరు అడిగింది ఇదీ: కృష్ణా డెల్టాలో మీ వరి కోతకు వచ్చింది. ఒక యాప్ వచ్చే శుక్ర, శనివారాల్లో భారీ వర్షం అంటోంది. ఇంకో యాప్ అవే రోజులకు ఎండ బొమ్మ చూపిస్తోంది. బుధవారం దాకా మాత్రం రెండూ పొడి అనే అంటున్నాయి. మొదటిది అమెరికా మోడల్ మీద, రెండోది యూరప్ మోడల్ మీద నడుస్తాయని ఎవరో చెప్పారు. వీటిలో ఏది నమ్మాలి, అసలు వారం ముందు చెప్పే మాటకు విలువ ఎంత?

నేను చాలా ఏళ్లుగా ఈ మోడళ్ల పటాలు చూస్తూ రైతులకు వ్యవసాయ వాతావరణ సలహాలు రాసే పనిలో ఉన్నాను. మీరు ప్రశ్న పెట్టిన ఆదివారం నుంచి లెక్కేస్తే శుక్రవారం ఆరో రోజు. ఆరో రోజు వాన గురించి రెండు పెద్ద మోడళ్లు ఇంత వేరుగా చెబుతున్నాయంటే, బంగాళాఖాతంలో ఏం జరగబోతోందో ఇంకా తేలలేదని అర్థం. ఇప్పుడే ఒకదాని పక్షం వహించడం తొందరపాటు. మంగళ, బుధవారాలకు చాలావరకు తేలుతుంది. అంతదాకా పొలంలో ఏం చేయాలో చివర్లో రాస్తాను. ముందు ఈ తేడా ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే, రేపు ఇంకో యాప్ ఇంకోలా చెప్పినా మీరే తేల్చుకోగలుగుతారు.

గాలి, వేడి, తేమ, పీడనం ఎలా మారతాయో చెప్పే భౌతికశాస్త్ర సమీకరణాలను సూపర్ కంప్యూటర్ మీద కొద్ది నిమిషాల అంగలతో ముందుకు లెక్కించే ప్రోగ్రామునే మోడల్ అంటున్నాం. అది భూగోళాన్నంతా గళ్లుగా విడదీసి, ప్రతి గడికీ ఎత్తు వెంట పొరలు పొరలుగా లెక్క కడుతుంది. యూరప్ మోడల్ అని మనం పిలిచేది 1975లో ఏర్పడిన, ఇంగ్లండ్‌లోని రెడింగ్ ప్రధాన కేంద్రంగా ఉన్న ఈసీఎండబ్ల్యూఎఫ్ (యూరప్ దేశాల ఉమ్మడి వాతావరణ అంచనా కేంద్రం) సంస్థది. దాని గడి సుమారు 9 కిలోమీటర్లు. అమెరికా మోడల్ పేరు జీఎఫ్‌ఎస్. గడి సుమారు 13 కిలోమీటర్లు, రోజుకు నాలుగుసార్లు నడుస్తుంది, 16 రోజుల దాకా లెక్క ఇస్తుంది, మొదటి నుంచీ అందరికీ ఉచితం. ఎన్నో యాప్‌లు జీఎఫ్‌ఎస్ మీద నడవడానికి ఆ ఉచితమే పెద్ద కారణం. ఇవి కాక బ్రిటన్, జర్మనీ, కెనడా మోడళ్లు ఉన్నాయి. మన వాతావరణ శాఖ జీఎఫ్‌ఎస్‌ను 12 కిలోమీటర్ల గడితో సొంతంగా నడుపుతుంది. నోయిడాలోని జాతీయ కేంద్రం బ్రిటన్ మోడల్ ఆధారంగా ఇంకొకటి నడుపుతుంది. పుణే శాస్త్రవేత్తలు తయారుచేసిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ 6 కిలోమీటర్ల గడితో 2025 మే నెలలో వాడుకలోకి వచ్చింది.

అన్నింటిలోనూ ఉన్నది ఒకే భౌతికశాస్త్రం. అయినా జవాబులు వేరుగా రావడానికి మూలం లెక్క మొదలుపెట్టే చోట ఉంది. ఈ క్షణంలో వాతావరణం ఎలా ఉందో మోడల్‌కు చెప్పాలి. ఉపగ్రహాలు, విమానాలు, బెలూన్లు, నేల మీది కేంద్రాలు, సముద్రంలో తేలుతూ కొలిచే పరికరాలు పంపే కొలతలన్నీ కలిపి ఒక ప్రారంభ చిత్రం కడతారు. నేల మీద కేంద్రాలు దండిగా ఉన్నాయి. దక్షిణ అండమాన్ సముద్రం మీద మాత్రం ఉపగ్రహం చూపు తప్ప నేరుగా కొలిచే సాధనాలు బహు తక్కువ. మీ పంటను తడపబోయే మేఘాలు పుట్టేది సరిగ్గా అక్కడే. ఆ ఖాళీని ఎవరు ఎంత బాగా పూరిస్తారన్నదే మోడళ్ల మధ్య అసలు పోటీ. యూరప్ మోడల్‌కు ఉన్న పేరులో చాలా భాగం గడి సన్నగా ఉన్నందుకు రాలేదు, ఈ ప్రారంభ చిత్రాన్ని శ్రద్ధగా కట్టినందుకు వచ్చింది.

ఆ చిత్రంలోని చిన్న తేడా ఎంత దూరం పోతుందో 1961లో అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్ గమనించారు. తన కంప్యూటర్ లెక్కను మధ్యలోంచి మళ్లీ నడపడానికి 0.506127 అనే సంఖ్యకు బదులు 0.506 అని ఇచ్చారు. కొంతసేపు రెండు లెక్కలూ కలిసి నడిచి, తరవాత ఒకదానితో ఒకటి పొంతన లేకుండా పోయాయి. వాతావరణాన్ని రోజువారీగా చెప్పడానికి సుమారు రెండు వారాల హద్దు ఉందన్న అవగాహన ఆయన కృషి నుంచి బలపడింది. కంప్యూటర్ ఎంత పెద్దదైనా ఆ హద్దును చెరపలేదు, దానికి దగ్గరగా మాత్రం తీసుకుపోగలదు. ఇప్పటిదాకా ప్రగతి అలాగే సాగింది: దాదాపు పదేళ్లకు ఒక రోజు చొప్పున. అంటే ఇవాళ్టి ఆరు రోజుల అంచనా పదేళ్ల కిందటి అయిదు రోజుల అంచనాతో సమానం. వినడానికి చిన్నదే గానీ నలభై ఏళ్లలో నాలుగు రోజులు కలిసొచ్చాయంటే చాలా గొప్ప విషయం. దివిసీమ ఉప్పెన వచ్చిన 1977లో మన రైతుకు ఇందులో ఏ ఒక్క రోజూ అందుబాటులో లేదు.

ఒక్క లెక్క మీద ఆధారపడలేమని తెలిశాక 1992 నుంచి రెండు పెద్ద కేంద్రాలూ గుంపు లెక్కలు మొదలుపెట్టాయి. ప్రారంభ చిత్రాన్ని కావాలనే కొద్దికొద్దిగా మార్చి అదే మోడల్‌ను చాలాసార్లు నడుపుతారు. యూరప్ గుంపులో 51 లెక్కలు, అమెరికా గుంపులో 31. దీన్ని ఎన్‌సెంబుల్ అంటారు. 51లో 45 లెక్కలు తీరానికి వాయుగుండం తెస్తే ఆ మాట బలమైనది. 15 తెచ్చి మిగతావి తేకపోతే, ఉన్న సంభావ్యత సుమారు 30 శాతం. మీ యాప్‌లో కనిపించే ఎండ బొమ్మ చాలాసార్లు ఒకే ఒక్క లెక్క నుంచి, మీ ఊరి మీద పడిన ఒకే ఒక్క గడి నుంచి తీసింది. మనిషి ఎవరూ దాన్ని చూసి ఉండరు. కాబట్టి మీరు రెండు మోడళ్లను పోల్చానని అనుకుంటున్నది నిజానికి 82 లెక్కల్లో రెండింటిని పోల్చడమే. మిగతా 80 ఏం చెబుతున్నాయో చూడకుండా తీర్పు చెప్పలేం.

ఇక ఏది మెరుగు అన్న ప్రశ్న. ప్రపంచం మొత్తం మీద, ఏడాది మొత్తం మీద సగటు తీస్తే యూరప్ మోడలే ముందుంటుంది, అందులో నాకు సందేహం లేదు. కానీ సగటున ముందుండడానికీ, మీ శుక్రవారం విషయంలో నిజం కావడానికీ చాలా దూరం. న్యూజెర్సీలో ఉంటున్న మనవాళ్లకు ఈ రెండు ఉదాహరణలూ గుర్తుండే ఉంటాయి. 2012 అక్టోబరులో శాండీ తుపాను అట్లాంటిక్ మీద ఉండగా, అది ఎడమకు మళ్లి అమెరికా తూర్పు తీరాన్ని తాకుతుందని యూరప్ మోడల్ వారం ముందే చూపింది. జీఎఫ్‌ఎస్ చాలా రోజులు దాన్ని నడి సముద్రంలోకే పంపుతూ వచ్చి, ఆలస్యంగా దారికొచ్చింది. 29వ తేదీ రాత్రి శాండీ న్యూజెర్సీ తీరాన్నే తాకింది. ఆ తరవాత అమెరికాలో తమ మోడల్ ఎందుకు వెనకబడిందని పెద్ద చర్చ జరిగింది, సూపర్ కంప్యూటర్లకు డబ్బు పెరిగింది. అక్కడితో కథ ముగిసినట్టు చాలామంది చెబుతారు. కానీ 2015 జనవరి చివర్లో అదే తీరానికి మంచు తుపాను వచ్చినప్పుడు న్యూయార్క్ నగరం మీద రెండడుగుల మంచు అని గట్టిగా చెప్పింది యూరప్ మోడలే. జీఎఫ్‌ఎస్ తక్కువ చెప్పింది. మంచు కుండపోత కాస్త తూర్పుకు జరిగి, నగరంలోని సెంట్రల్ పార్క్‌లో కొలిచింది పది అంగుళాల లోపే. ఆ భయంతోనే నగరంలో సబ్‌వే రైళ్లు ఆపేశారు. పేరున్న మోడల్ కూడా ఒక్కో రోజు ఘోరంగా తప్పుతుంది. ఏ రోజు తప్పుతుందో ముందే తెలిసే వీలు గుంపు లెక్కలు ఒకదానికొకటి ఎంత దూరంగా ఉన్నాయన్న దాంట్లో తప్ప ఇంకెక్కడా లేదు.

మన బంగాళాఖాతం విషయానికి వస్తే కథ ఇంకా క్లిష్టం. నవంబరు, డిసెంబరుల్లో పుట్టే వ్యవస్థ దారిని రెండు శక్తులు నిర్ణయిస్తాయి. పైన ఉన్న అధిక పీడన ప్రాంతం దాన్ని పడమరకు, అంటే తమిళనాడు, దక్షిణ కోస్తా వైపు తోస్తుంది. ఉత్తర భారతం మీదుగా కదిలే పశ్చిమ గాలుల ద్రోణి దాన్ని ఉత్తరానికి, ఈశాన్యానికి లాగుతుంది. ఆ ద్రోణి పన్నెండు గంటలు ముందొస్తే తుపాను ఒడిశా వైపు వంగిపోతుంది, ఆలస్యమైతే నెల్లూరు దగ్గర తీరం చేరుతుంది. ఆరు రోజుల ముందు పన్నెండు గంటల తేడా ఏ మోడల్‌కైనా సహజం. మీ రెండు యాప్‌ల మధ్య తగాదా నూటికి తొంభైపాళ్లు ఇదే అయి ఉంటుంది. వాన పడుతుందా లేదా అని కాదు, పడేది మీ మీదా ఇంకొకరి మీదా అని.

మిచౌంగ్ తుపానును చూడండి. 2023 నవంబరు ఆఖర్లో మొదటి అంచనాలు అది డిసెంబరు 4 సాయంత్రానికి చెన్నై, మచిలీపట్నం మధ్య తీరం దాటుతుందన్నాయి. చివరికి అది చెన్నై దగ్గరగా నెమ్మదించి, ఆ నగరాన్ని ముంచి, తీరానికి దాదాపు సమాంతరంగా పైకి వచ్చి, 5వ తేదీ మధ్యాహ్నం బాపట్ల దగ్గర దాటింది. అంచనా తప్పిందనడం అన్యాయం, తుపాను వస్తుందన్న మాట రోజుల ముందే అందింది. కానీ కోసిన పనలు పొలంలో ఉన్న రైతుకు ఆ ఒక్క పూట ఆలస్యం, ఆ దారి వంపు ఎంత నష్టం చేశాయో డెల్టాలో మీకు నేను చెప్పనక్కరలేదు.

దారి కన్నా బలం చెప్పడం కష్టం. 2013 నవంబరులో హెలెన్ తుపాను వెళ్లిన వారానికే లెహర్ తుపాను వచ్చింది. అతి తీవ్ర తుపానుగా కాకినాడ ప్రాంతాన్ని తాకుతుందని హెచ్చరికలు వెళ్లాయి. చల్లని పొడిగాలి చొరబడి, కింద ఉన్న సముద్రంలో వేడి చాలక, అది నడి సముద్రంలోనే కుంగిపోయి 28వ తేదీన మచిలీపట్నం దగ్గర వట్టి వాయుగుండంగా తీరం చేరింది. 2021 డిసెంబరులో జవాద్ కూడా ఉత్తరాంధ్రను భయపెట్టి, తీరానికి రాకముందే బలహీనపడి పూరీ వైపు మళ్లింది. డిసెంబరు దగ్గరపడేకొద్దీ వాయవ్యం నుంచి వచ్చే ఈ పొడిగాలి మన తీరానికి పెద్ద రక్ష. మోడళ్లు దాన్ని తరచుగా తక్కువ అంచనా వేస్తాయి. ఇప్పుడు మన వాతావరణ శాఖ తుపాను దారి చెప్పడంలో ఒక రోజు ముందైతే సగటున 100 కిలోమీటర్ల లోపు, మూడు రోజుల ముందైతే 150 నుంచి 200 కిలోమీటర్ల మధ్య తప్పుతోంది. మచిలీపట్నం నుంచి బాపట్ల ఎంత దూరమో, కాకినాడ ఎంత దూరమో ఆ కొలతతో చూసుకోండి. ఆరో రోజు గురించి గీసిన గీత మీద ఊరి పేరు వెతకడం ఎందుకు వృథానో అర్థమవుతుంది.

పైగా కేంద్రం ఎక్కడ దాటితే అక్కడే వాన అని కూడా లేదు. 2024 ఆగస్టు ఆఖర్లో వచ్చిన వాయుగుండం కళింగపట్నం దగ్గర తీరం దాటింది. కుండపోత పడింది అక్కడికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న విజయవాడలో. నైరుతి కాలపు వాయుగుండాలకు నైరుతి భాగంలోనే వాన ఎక్కువ. బుడమేరు పొంగి నగరం మునిగింది, ప్రకాశం బ్యారేజీ మీద 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద నడిచింది. వాయుగుండం వస్తుందని, కోస్తాలో భారీ వర్షాలని వారం ముందు చెప్పడం సాధ్యం. ఫలానా నగరం మీద, ఫలానా పూట, ఇన్ని సెంటీమీటర్లు అన్నది ఒకటి రెండు రోజుల ముందు కూడా కష్టమే. ఆ చివరి ఘడియల్లో మచిలీపట్నం, విశాఖ, హైదరాబాద్ డాప్లర్ రాడార్లు చెప్పేదే ఆధారం.

ఖచ్చితత్వం శాతాల గురించి కూడా ఒక మాట. అయిదు రోజుల అంచనా 90 శాతం, ఏడు రోజులది 80 శాతం నిజమవుతుందని, పది రోజులు దాటితే సగమేనని అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా చెబుతుంది. యాప్‌లవాళ్లు ఇలాంటి అంకెలే ప్రచారం చేసుకుంటారు. ఆ అంకెను మీ వరి మీదికి తెచ్చుకోకండి. అక్కడి వాతావరణాన్ని నడిపేవి పెద్ద పెద్ద గాలి తరంగాలు, వాటిని మోడల్ బాగా పట్టుకుంటుంది. మన దగ్గర వాన చాలావరకు అప్పటికప్పుడు లేచే మేఘాలది. అవి గడికన్నా చిన్నవి, మోడల్ వాటిని నేరుగా చూడలేక సూత్రాలతో ఊహిస్తుంది. ఇంకో చిక్కు ఉంది. నెలలో 27 రోజులు పొడిగా ఉండే కాలంలో ప్రతిరోజూ ‘వాన లేదు’ అని కళ్లు మూసుకుని చెప్పినా 90 శాతం నిజమవుతుంది. మీకు కావలసింది మిగతా మూడు రోజులు. ఆ మూడింటిని ఎన్నిసార్లు పట్టుకుంది, లేని వానను ఎన్నిసార్లు చూపింది అని అడిగితేనే యాప్ సత్తా బయటపడుతుంది. ఈ రెండోదాంట్లో జీఎఫ్‌ఎస్‌కు పాత అలవాటు ఉంది: వారం, పది రోజుల ముందు లేని తుపానులను పుట్టిస్తుంది. వాట్సాప్‌లో తిరిగే ఎర్రటి సుడి పటాలు చాలావరకు అవే. యూరప్ మోడల్ అంత తొందరపడదు గానీ కొన్నిసార్లు నిజంగా పుట్టే వాటిని ఆలస్యంగా గుర్తిస్తుంది.

అలాగని వారం అంచనా అంతా పనికిరానిదనుకోవద్దు. ఉష్ణోగ్రత, వడగాలి, చలి, పొడి రోజులు, రుతుపవనాల చురుకుదనం లాంటివి ఆరేడు రోజుల ముందు బాగానే చెప్పగలుగుతున్నారు. ఏప్రిల్, మే నెలల్లో తెలంగాణలో పడే ఉరుముల వానను మాత్రం ఊరి పేరుతో వారం ముందు చెప్పేవాళ్లను అసలు నమ్మవద్దు, అది కొన్ని గంటల ముందు తెలిసే సంగతి.

కృత్రిమ మేధ మోడళ్ల గురించి కూడా వినే ఉంటారు. ఇవి సమీకరణాలు లెక్కించవు. దశాబ్దాల పాత వాతావరణ రికార్డులను చదివి, ఇవాళ్టి నుంచి రేపటిని ఊహించడం నేర్చుకుంటాయి. గూగుల్, హువావే చేసినవి 2023లో శాస్త్ర పత్రికలకెక్కాయి. యూరప్ కేంద్రం తన సొంత కృత్రిమ మేధ మోడల్‌ను 2025 ఫిబ్రవరి నుంచి రోజువారీ వాడుకలో పెట్టింది. తుపాను దారి చెప్పడంలో ఇవి నిజంగా మెచ్చుకోదగ్గవి, పాత మోడళ్లకు సాటిగా, ఒక్కోసారి మేలుగా ఉంటున్నాయి. తుపాను బలాన్నీ, కుండపోతనూ మాత్రం చప్పగా చూపిస్తాయి. నేను దారికి వీటిని చూస్తాను, వాన మోతాదుకు చూడను. పైగా ఇవి కూడా మొదలయ్యేది అదే ప్రారంభ చిత్రం నుంచి, అండమాన్ సముద్రం మీది ఖాళీ వీటికీ ఖాళీయే.

వాతావరణ కేంద్రం బులెటిన్ చదివేటప్పుడు మాటలకు ఉన్న కొలతలు తెలుసుకోండి. ‘ఒకటి రెండు చోట్ల’ అంటే ఆ ప్రాంతంలోని కేంద్రాల్లో పాతిక శాతానికి మించకుండా, ‘కొన్ని చోట్ల’ అంటే సగం దాకా, ‘చాలా చోట్ల’ అంటే ముప్పాతిక దాకా. భారీ వర్షం అంటే 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్ల నుంచి, అతి భారీ 115.6 నుంచి, అత్యంత భారీ 204.5 నుంచి. బులెటిన్ వెనక పలు మోడళ్లను పక్కపక్కన పెట్టి చూసిన మనిషి ఉంటాడు, అందుకే నేను బొమ్మకన్నా ఆ పొడి మాటలకే ఎక్కువ విలువ ఇస్తాను. ప్రతి మంగళ, శుక్రవారాల్లో వచ్చే జిల్లా వ్యవసాయ వాతావరణ బులెటిన్ రాబోయే అయిదు రోజుల కోసం. అయిదు రోజులకే ఎందుకు ఆగారో ఇప్పుడు మీకు తెలుసు.

ఇక మీ పొలం. ఆది నుంచి బుధ దాకా పొడి అని రెండు మోడళ్లూ చెబుతున్నాయి కదా, ఆ ఏకాభిప్రాయం మీద ధైర్యంగా నిలబడండి. గింజ బాగా పండి, కోత యంత్రం దొరికేట్టయితే సోమ, మంగళవారాల్లోనే కోయించి ధాన్యాన్ని మెరక మీదికి చేర్చి టార్పాలిన్లు సిద్ధం చేసుకోండి. ఆరబెట్టడానికి ఎండ రోజులు కావాలి కాబట్టి గురువారానికి వాయిదా వేయకండి. మనుషులతో కోయించి పనలు వేసే పద్ధతైతే సోమవారం తరవాత కొత్త కోత మొదలుపెట్టవద్దు. కోసిన పనలు రెండు రోజుల్లో కట్టి కుప్ప వేయగలిగినంత మేరకే కోయండి. నీళ్లలో నానిన పన మొలకెత్తుతుంది, నిలబడి ఉన్న పైరు పడిపోయినా కొంత దక్కుతుంది. పచ్చి గింజ ఉంటే తొందరపడి కోయకుండా వదిలేసి, బోదెలు బాగుచేసి పొలంలోని నీటిని ఇప్పుడే తీసేయండి, శుక్రవారం వాన రాకపోయినా ఆ పని వృథా కాదు. ఒకవేళ పనలు తడిస్తే లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి వాటి మీద పిచికారీ చేయండి, మొలక ఆగుతుంది.

మళ్లీ ఎప్పుడు చూడాలంటే, ఉదయం 5.30 పరిశీలనలతో మొదలైన లెక్కలు మధ్యాహ్నానికి బయటికి వస్తాయి. రోజుకు ఒకసారి, మంగళ, బుధవారాల్లో మధ్యాహ్నం చూస్తే చాలు. ఒకే మోడల్ వరసగా రెండు రోజులూ తన మాట మార్చకుండా ఉందా, రెండో మోడల్ దాని వైపు జరుగుతోందా అన్నది గమనించండి. ఈలోగా అల్పపీడనం ఏర్పడినట్టు వాతావరణ శాఖ ప్రకటిస్తే అంచనాలు ఒక్కసారిగా దగ్గరపడతాయి, ఎందుకంటే అప్పుడు మోడళ్లన్నిటికీ పట్టుకోవడానికి ఒక కేంద్రం దొరుకుతుంది. మీ మండలం పేరు, పొలం పల్లమో మెరకో, కోత యంత్రమో కూలీలో రాస్తే బుధవారం మధ్యాహ్నం గుంపు లెక్కలు చూసి మీకు విడిగా చెబుతాను.